పేరు రాసే రేడియో

మొన్న మా తమ్ముడి కొడుకు కొత్త కారు కొని, మొదటి తిప్పులో నన్నే ఎక్కించుకున్నాడు. ప్రొద్దుటూరు నుంచి కడపకు పోతున్నాం. వల్లూరు దాటుతుండగా వాడు రేడియో పెట్టాడు. ముందున్న తెర మీద స్టేషన్ పేరు పడింది. దాని కింద పాట పేరు, పాడేవాళ్ళ పేర్లు వరసగా పాకుతూ పోయాయి. వాడు వాటి వైపు కన్నెత్తి కూడా చూడలేదు. నేను మాత్రం సీట్లో ముందుకు జరిగి కూర్చున్నాను.

"ఏంది అత్తా, అట్ల చూస్తాండావు?"

"పేరు పడిందిరా."

"పడకుండా యాడికి పోతాది?" అన్నాడు వాడు.

వాడికి ఎట్లా చెప్పాలో అప్పుడు తెలియలేదు. ఇంటికి వచ్చాక కూర్చుని ఇది రాస్తున్నాను.

నాకప్పుడు పన్నెండేళ్ళు. నాయనకు ఒక తెల్ల అంబాసిడర్ ఉండేది. బాడుగకు తిప్పేవాడు. ఎండాకాలమంతా పెళ్ళి ఊరేగింపులే కాబట్టి కారులో ఎప్పుడూ పెట్రోలు వాసన, ఎండకు కాలిన రెక్సిన్ వాసన, వాడిపోయిన మల్లెపూల వాసన కలిసి ఉండేవి. సెలవుల్లో నా కాపురం దాని వెనక సీట్లోనే. పుస్తకం చదవాలన్నా, పచ్చి మామిడికాయకు ఉప్పూకారం అద్దుకుని తినాలన్నా, అమ్మ పనికి పిలిస్తే దాక్కోవాలన్నా అదే చోటు.

ఆ ఎండాకాలం కువైట్ మామ సెలవు మీద వచ్చాడు. ఆయనది మా అమ్మ పుట్టిన ఊరే, చాపాడు దగ్గర. అమ్మను అక్కా అనేవాడు, నాయనను బావా అనేవాడు. మా వీధిలోనే నాలుగిళ్ళ అవతల ఉండేవాళ్ళు. ఆయనకు కారు తోలడం నేర్పించింది మా నాయనే. ఆ విద్యతోనే కువైట్ పోయి ఒక అరబ్బు ఇంట్లో డ్రైవరుగా కుదురుకున్నాడు. ఆయన పెట్టె తెరిస్తే వీధి వీధంతా అత్తరు, సబ్బులు, ఖర్జూరాలు. పిల్లలకు గుప్పెడు గుప్పెడు ఖర్జూరం పంచి, అందరూ పోయాక పెట్టె అడుగు నుంచి తువాలులో చుట్టిన వస్తువొకటి తీసి నాయన చేతిలో పెట్టాడు.

అది కారు రేడియో. నల్లగా, నున్నగా, ఇటుకంత ఉంది.

"అరబాయన పాత కారు అమ్మేటప్పుడు ఊడబీకి నాకిచ్చినాడు బావా. నువ్వు నేర్పించకుంటే నేను యాడుందును. ఇది నీ కారుకే."

మర్నాడు పొద్దున్నే ప్రొద్దుటూరు టాక్సీ స్టాండులో బిగించారు. స్టాండుకు ఎదురుగా నూనె మిల్లు ఉండేది. చెనిక్కాయలు ఆడే వాసన, పక్కనే బండి మీద కాలుతున్న కారం దోసెల వాసన, ఆ రెండింటి మధ్య డ్రైవర్లంతా మా కారు చుట్టూ చేరారు. నేను నాయన పక్క సీట్లో మఠం వేసుకుని కూర్చున్నాను. వైర్లు కలపగానే రేడియో ముఖం మీద పచ్చటి వెలుగు వచ్చింది.

"ఇది మామూలు రేడియో కాదు" అన్నాడు మామ. "ముల్లు తిప్పుకుంటా యెతికే పనిల్యా. స్టేషను దొరికితే చాలు, దాని పేరు అదే రాసుకుంటాది."

స్టాండుకు పెద్ద ఒకాయన ఉండేవాడు. లారీలు తోలి తోలి చివరికి టాక్సీకి వచ్చినాయన. మీసాలు చెవుల దాకా ఉండేవి. మేమంతా మీసాల పెదనాయన అనేవాళ్ళం.

"రాసుకుంటాదా? బలపం యాడ పెట్టినారప్పా దానికి?" అన్నాడాయన.

అందరూ నవ్వారు. మామ కూడా నవ్వాడు.

"పాటతో పాటే పేరు గూడా పంపిస్తారు మామా. మన చెవికి ఇనపడదు. పెట్టెకు తెలుస్తాది."

"మన చెవికి ఇనపడనిది పెట్టెకెట్ల ఇనపడ్తాది?"

"కువైట్‌లో దినామూ చూసినా."

మామ మీట నొక్కాడు. రేడియో తనంతట తానే అంకెలు మార్చుకుంటూ పోయి కడప స్టేషను దగ్గర ఆగింది. గొంతు గంటలా ఉంది. పచ్చటి వెలుగులో మాత్రం అంకెలే. మామ మళ్ళీ నొక్కాడు. మళ్ళీ అంకెలే. వైర్లు ఊడదీసి పెట్టాడు, ఏరియల్ పొడుగ్గా లాగాడు, కారును ముందుకు, వెనక్కు జరిపించాడు. దోసెలాయన కూడా పెనం వదిలి వచ్చి చూశాడు. అంకెలు కదల్లేదు.

"ఈడ స్టేషనోళ్ళు పేరు పంపించడంల్యా అనుకుంటా" అన్నాడు మామ చివరికి, మెల్లగా.

"అదీ మాట" అన్నాడు పెదనాయన.

అంతటితో పోయిందనుకున్నాను. పోలేదు. రెండు రోజుల్లో మామకు 'అచ్చరాలు' అని పేరు పడింది. ఆయన వీధిలో కనబడితే చాలు, "ఏమప్పా, అచ్చరాలు పడినాయా?" అని అడిగేవాళ్ళు. అది కూడా సరదా అనుకోవచ్చు. కానీ అరబాయన తమ్ముడికి ఇంకో డ్రైవరు కావాలని మామ వచ్చిన రోజే చెప్పాడు. పులివెందులలో ఉండే పెదనాయన మేనల్లుడు జీపు తోలేవాడు. వాడి పాస్‌పోర్టు పెదనాయనే తెచ్చి మామకు అప్పజెప్పాడు. ఇప్పుడు పదిమందిలో అది వెనక్కు అడిగి తీసుకున్నాడు.

"పేరు రాసే రేడియో ల్యా. ఉద్యోగం మాత్రం ఉంటాదని ఏం నమ్మకమప్పా?" అన్నాడు.

మామ ఇంటికి పోయి తెచ్చి ఇచ్చేశాడు. ఆ సాయంత్రం నాయన ఆ సంగతి చెబుతుంటే అమ్మ సంగటి కలియబెడుతూ ఉంది. కట్టె ఆపి, "మా ఊర్లో ఆ ఇంటోళ్ళు అబద్ధం ఆడగా నేను ఇనల్యా" అంది. మళ్ళీ కట్టె తిప్పింది గానీ, సంగటి ఆ రోజు ఉండలు కట్టింది.

నేను మామ ఇంటికి పోయాను. మెట్టు మీద కూర్చుని ఉన్నాడు. నెల తిరిగితే సెలవు అయిపోతుంది. అత్త లోపల చేటలో బియ్యం చెరుగుతోంది.

"నేను చూసినా పాపా" అన్నాడు నాతో. "రెండేండ్లు, దినామూ, నా కండ్లతో చూసినా."

నేను నమ్మాను. నమ్మానని చెప్పాను కూడా. కానీ పన్నెండేళ్ళ పిల్ల నమ్మితే ఆయనకు ఒరిగేదేముంది?

రేడియోతో పాటు మామ ఒక లావుపాటి పుస్తకం కూడా ఇచ్చాడు. ఏవేవో భాషలు, మధ్యలో కొన్ని పేజీలు ఇంగ్లీషు. మా ఇంట్లో ఇంగ్లీషు చదవగలిగింది నేనొక్కదాన్నే, అదీ కూడబలుక్కుని. మధ్యాహ్నం నాయన వేపచెట్టు కింద మంచం వేసుకుని నిద్రపోతుంటే, బడిలో బహుమతిగా వచ్చిన నిఘంటువు పట్టుకుని కార్లో కూర్చున్నాను. చెమటకు పేజీలు వేళ్ళకు అంటుకునేవి. మూడు మధ్యాహ్నాలు పట్టింది. మూడో రోజుకు రెండు సంగతులు అర్థమయ్యాయి.

ఒకటి, మామ చెప్పింది అక్షరాలా నిజం. స్టేషను తన పేరు పంపిస్తే రేడియో దాన్ని చూపిస్తుంది. అప్పుడు మూలన ఒక చిన్న గుర్తు కూడా వెలుగుతుంది. రెండోది, స్టేషను పంపించకపోతే ఆ పేరు మనమే రాసిపెట్టుకోవచ్చు. ఒక మీట నొక్కి పట్టుకుని, గుండ్రటి బిళ్ళ తిప్పుతూ పోతే ఒక్కో గడిలో ఒక్కో ఇంగ్లీషు అక్షరం వస్తుంది. ఎనిమిది గళ్ళు, ఎనిమిది అక్షరాలు. తర్వాత ఎప్పుడు ఆ స్టేషను పెట్టినా ఆ పేరు పడుతుంది.

మొదటిది పోయి అందరికీ చదివి వినిపించాలి. అదే నేను చేయాల్సిన పని. కానీ పుస్తకంలో ఉందంటే పెదనాయన వింటాడా? ఆయనకు ఇంగ్లీషు రాదు. రెండో సంగతి అయితే కళ్ళకు కనబడుతుంది. నా చెయ్యి అప్పటికే మీట మీద ఉంది.

ఆ రోజుల్లో కడప పేరు ఇంగ్లీషులో రాస్తే సరిగ్గా ఎనిమిది అక్షరాలు. గళ్ళన్నీ నిండిపోయాయి. రేడియో ఆపి, మళ్ళీ పెట్టాను. ఒక్క క్షణం అంకెలు కనబడ్డాయి. తర్వాత పచ్చటి వెలుగులో కడప వచ్చి నిలబడింది. రాసింది నేనే అయినా ఆగలేకపోయాను. కారు దిగి వేపచెట్టు చుట్టూ రెండుసార్లు పరుగెత్తాను.

మర్నాడు స్టాండులో నాయన ఏదో పాట కోసం రేడియో పెట్టాడు. పేరు పడింది. బాడుగ మాట్లాడుకోవడానికి వచ్చిన ఒక కాలేజీ మేస్టరు కిటికీలోంచి వంగి, "కడప అని వస్తాందే" అన్నాడు.

ఆ తర్వాత ఏం జరిగిందో వరసగా చెప్పలేను. అందరూ ఒకేసారి వచ్చారు. తలుపులన్నీ తెరుచుకున్నాయి. నా మీద నుంచి తలలు వంగాయి. ఎవరో పరుగెత్తి మామను పిలుచుకొచ్చారు. లుంగీ, బనియనుతోనే వచ్చాడు. చూశాడు. చేత్తో ముఖం తుడుచుకున్నాడు. దోసెలాయన అడక్కుండానే కారం దోసెలు వేసి అందరికీ పంచాడు. ఆ దోసె కారానికి నా కళ్ళలో నీళ్ళొచ్చాయి. సంతోషంతో కూడా వచ్చాయి. నేను చేసింది తప్పని ఆ గంటలో నాకు ఒక్కసారి కూడా తోచలేదు.

పెదనాయన మాత్రం మీసం దువ్వుకుంటూ నిలబడ్డాడు.

"పడింది ఒక ఊరి పేరే గదప్పా. పులివెందుల కాడ కడప సరిగా రాదు, అనంతపురం వస్తాది. ఆడ గూడా పడితే, మా అక్క ఇంట్లోకి పోయి పాస్‌పోర్టు నేనే తెచ్చి నీ చేతిలో పెడతా. రేపే పోదాం."

"పోదాం పా మామా" అన్నాడు కువైట్ మామ. ఆయన గొంతులో అంత ధైర్యం నేను అంతకుముందు వినలేదు. అప్పుడు తట్టింది నాకు, అనంతపురం పేరు నేను రాయనేలేదని.

పొద్దున ఉగ్గాని తిని బయలుదేరాం. నాయన తోలుతున్నాడు, పక్కన పెదనాయన, వెనక మామ, నేను. నేనొస్తానని అంతగా ఏడ్చి ఎందుకు ఎక్కానో వాళ్ళకు తెలియదు. ముందు జమ్మలమడుగులో ఒక పెళ్ళివాళ్ళతో ఊరేగింపు సంగతి మాట్లాడే పని నాయనకు ఉంది. ముగ్గురూ దిగి లోపలికి పోయారు. "కడుపు నొస్తాంది, నేనీడే ఉంటా" అన్నాను. తలుపులు పడగానే ముందు సీట్లోకి దూకాను.

అనంతపురం గరగరమంటూ, అందీ అందకుండా వస్తోంది. బిళ్ళ తిప్పుతున్నాను. చేతులు చెమటపట్టి జారుతున్నాయి. కిటికీ పక్క నుంచి ఒక మేకల మంద పోతోంది, మేకలాయన నన్నే చూస్తున్నాడు. ఆరు అక్షరాలయ్యాక గానీ లెక్క తట్టలేదు. అనంతపురానికి తొమ్మిది కావాలి. గళ్ళు ఎనిమిదే. మధ్యలో ఒక అక్షరం మింగేసి ఎట్లానో ఇరికించాను. నాయన చెప్పులు వేసుకుంటున్న చప్పుడు వినబడేసరికి వెనక సీట్లో పడుకుని ఉన్నాను.

ముద్దనూరు దాటి, కొండదారి ఎక్కి దిగి, పులివెందుల చేరేసరికి ఎండ మండుతోంది. పెదనాయన అక్క ఇల్లు ఊరి బయట చీనీతోటలో, అంటే బత్తాయి తోటలో. తోట అంచున కారు ఆపి నాయన మీట నొక్కాడు. అంకెలు పరుగెత్తాయి, ఆగాయి. పేరు పడింది. పెదనాయన ఆ అక్షరాల వైపు చాలాసేపు చూశాడు.

"ఏం రాసిండాది పాపా?"

"అనంతపురం" అన్నాను.

ఆయన దిగి, కండువా సర్దుకుని తోటలోకి నడిచాడు. నాయన రేడియేటరుకు నీళ్ళ కోసం బావి వైపు పోయాడు. మామ వెనక సీటు నుంచి ముందుకు వంగి రేడియోనే చూస్తున్నాడు. కువైట్‌లో ఆయన ఇంగ్లీషు అక్షరాలు గుర్తుపట్టడం నేర్చుకున్నాడు. ఒక్కో అక్షరం వేలితో తాకుతూ చదివాడు. తర్వాత వేలిని మూలకు జరిపాడు, వెలగాల్సిన గుర్తు ఉండే చోటుకు. అక్కడ చీకటే.

"పాపా" అన్నాడు. "ఇది ఎవరు రాసినారు?"

నేను తల దించుకున్నాను. నా పాదాల దగ్గర మల్లెపూల రేకులు ఎండిపోయి ఉన్నాయి. వాటినే చూస్తూ అంతా చెప్పాను. పుస్తకం, వేపచెట్టు, కడప, జమ్మలమడుగు, కడుపునొప్పి, అన్నీ.

"నీ కోసమే మామా" అన్నాను.

"తెలుసు" అన్నాడు. చాలాసేపు నా తల మీద చెయ్యి ఉంచాడు. కోప్పడలేదు. కోప్పడి ఉంటే బాగుండేది.

అప్పటికి పెదనాయన వచ్చేస్తున్నాడు. ఒక చేతిలో కవరులో చుట్టిన పాస్‌పోర్టు, ఇంకో చేతిలో చీనీకాయల సంచి. వెనక ఆయన అక్క, మేనల్లుడు. ఆ పిల్లాడు అప్పుడే స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. ఆ చొక్కా చూసి నాకు ఏడుపు ఆగలేదు.

మామ కారు దిగి ఎదురుపోయాడు.

"మామా, ఆ పేరు స్టేషనోళ్ళు పంపింది కాదు. మా పాప రాసింది. నాకోసమని రాసింది. కడప గూడా అంతే. పాస్‌పోర్టు నీకాడే పెట్టుకో."

చీనీచెట్ల మధ్య గువ్వలు కూస్తున్నాయి. నీళ్ళ బిందెతో వచ్చిన నాయన ఆగిపోయాడు.

"నీకెప్పుడు తెలిసింది?" అన్నాడు పెదనాయన.

"ఇప్పుడే. నువ్వు లోపలికి పోయినాక."

"నేను పాస్‌పోర్టు తెస్తాండానని తెలిసే, చెప్తాండావా?"

"ఊఁ."

పెదనాయన చీనీకాయల సంచి కింద పెట్టాడు. మామ చొక్కా జేబులో పాస్‌పోర్టు తానే దోపి, పైన అరచేత్తో తట్టాడు.

"నాకు రేడియో సంగతి వద్దప్పా. పిల్లోడు నీ యెంట వస్తాడు."

ఆయన అక్క గబగబా లోపలికి పోయి చీనీరసం తెచ్చింది. నాకు కూడా ఇచ్చింది. నాయన మాత్రం నా వైపు చూడలేదు. తిరుగుదారి పట్టాం. నేను వెనక సీట్లో మూలకు ఒదిగి, ఒళ్ళో చీనీకాయ పెట్టుకుని, గోళ్ళతో తొక్క తీస్తూ కూర్చున్నాను. నాయన అద్దంలోంచి చూస్తాడేమోనని ఎదురుచూశాను. చూడలేదు.

సాయంత్రం అవుతోంది. ముద్దనూరు కొండ ఎక్కుతున్నాం. రేడియోలో అనంతపురం గరగరలాడి పోయింది. పెదనాయనకు నిశ్శబ్దం గిట్టదు, మీట నొక్కాడు. అంకెలు పరుగెత్తి, కొండ కొసకు చేరేసరికి ఒకచోట ఆగాయి. ఎవరో ఆడమనిషి మాట్లాడుతోంది.

"ఇది కన్నడం గదా" అన్నాడు పెదనాయన. "ఇంత దూరం ఎట్ల వస్తాందప్పా?"

నేను తలెత్తాను. పచ్చటి వెలుగులో అంకెలు లేవు. అక్షరాలున్నాయి. మూలన, మామ వేలు పెట్టిన చోట, చిన్న గుర్తు వెలుగుతోంది.

"గుర్తు" అన్నాను. "మామా, గుర్తు."

మామ సీటు మీద నుంచి సగం ముందుకొచ్చాడు. "బావా, నిలుపు. బండి నిలుపు."

నాయన బ్రేకు వేశాడు, కానీ అప్పటికే వాలులోకి దిగాం. కన్నడం మాయమైంది, పేరూ మాయమైంది. తర్వాత జరిగింది తలచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. నాయన రివర్సు వేశాడు. ఎత్తులో బండి మొరాయించింది. ముగ్గురు పెద్దమనుషులు దిగి, నాయన ఒక చేత్తో స్టీరింగు పట్టుకుని, పెదనాయన కండువా నడుముకు బిగించుకుని, మామ చెప్పులు విడిచి, ముందు నుంచి అంబాసిడర్‌ను వెనక్కు తోశారు. "తొయ్యప్పా, తొయ్యి, పోతాది అచ్చరం" అని అరుస్తున్నది పెదనాయనే. వెనక వచ్చిన లారీ హారను కొట్టి కొట్టి పక్కనుంచి పోయింది.

కొస దగ్గర కన్నడం మళ్ళీ వచ్చింది. అక్షరాలు ఒకసారి మినుకుమని నిలబడ్డాయి. నాయన చక్రానికి రాయి పెట్టాడు. ముగ్గురూ మూడు కిటికీల్లోంచి తలలు లోపల పెట్టారు. చెమట, దుమ్ము, రొప్పు. నేను మధ్యలో, రెండు చేతుల నిండా చీనీకాయ రసం.

పెదనాయన రేడియోను చూసి, మామను అడగలేదు. నన్ను అడిగాడు.

"ఏం రాసిండాదిమే?"

ఎనిమిది గళ్ళు, ఎనిమిది అక్షరాలు. చివరి అక్షరానికి చోటు చాల్లేదు.

"బెంగళూరు" అన్నాను. "కొసాకు ఒక అచ్చరం తక్కువుండాది."

"బెంగళూరంట" అన్నాడు పెదనాయన, నాయన వైపు తిరిగి. "పాప చెప్తాంది, బెంగళూరంట."

అర నిమిషం ఉందేమో. తర్వాత గాలి మారినట్టు అన్నీ పోయి అంకెలే మిగిలాయి. ఎంత తోసినా మళ్ళీ రాలేదు.

ఆ తర్వాతి సంగతులు తొందరగా జరిగిపోయాయి. స్టాండులో పెదనాయన ఇదంతా చెబితే ఒక్కరూ నమ్మలేదు. 'అచ్చరాలు' అన్న పేరు మామను వదిలి ఆయనకు పట్టింది. ఆయన దాన్ని మీసంలాగే మోశాడు. మామ, ఆ పిల్లాడు కలిసి కువైట్ పోయారు. పిల్లాడు అక్కడ చాలా ఏళ్ళు ఉండి, తిరిగొచ్చి పులివెందులలో ఇల్లు కట్టుకున్నాడు. పెదనాయన, నాయన, మామ, ముగ్గురూ ఇప్పుడు లేరు.

ఆ కొండదారిలో ఇప్పటికీ అప్పుడప్పుడు పోతుంటాను. పోయినప్పుడల్లా నాకు గుర్తొచ్చేది ఆ అక్షరాలు కాదు. నేను వాళ్ళను మోసం చేశానని ఆ రోజు మధ్యాహ్నమే ఆ ముగ్గురికీ తెలిసిపోయింది. ఆ అక్షరాలు చదవడం వాళ్ళలో ఇద్దరికి రాదు. నేను ఏ ఊరి పేరు చెప్పినా చెల్లేది. అయినా పెదనాయన నన్నే అడిగాడు. నేను చెప్పాను. నాయన కిటికీలోంచి లోపలికి వంగి, ఆ రోజంతటిలో మొదటిసారి నా ముఖంలోకి చూసి, "బెంగళూరే?" అన్నాడు.

"బెంగళూరే నాయనా" అన్నాను.

ఆయన తలూపి, రాయి తీసి, బండెక్కాడు.